29 పాయింట్లు కొట్టినోడు ఓడాడు.. 2 పాయింట్లు కొట్టినోడు కప్పు తెచ్చాడు! బాస్కెట్‌బాల్ బాక్స్ స్కోర్ ఎలా చదవాలంటే..

క్రికెట్ స్కోర్‌కార్డ్ చూడగానే మ్యాచ్ ఎటు తిరిగిందో మనకు ఇట్టే అర్థమైపోతుంది. ఎవరు ఎన్ని బంతుల్లో ఎన్ని కొట్టారు, ఏ బౌలర్ పొదుపుగా వేశాడు.. చిన్నప్పటి నుంచి అలవాటైన లెక్కలు. అదే ఫోన్‌లో యూరప్ బాస్కెట్‌బాల్ మ్యాచ్ హైలైట్స్ చూసి, కింద ఉన్న గణాంకాల పట్టిక తెరిస్తే కళ్లు తిరుగుతాయి. బోలెడు నిలువు వరుసలు, అన్నీ పొట్టి అక్షరాలు. దీన్నే బాక్స్ స్కోర్ అంటారు. దీన్ని చదవడం నేర్చుకోవడానికి ఒక్క మ్యాచ్ చాలు. ఎందుకంటే ఆ మ్యాచ్‌లో బాక్స్ స్కోర్ ఏం చెబుతుందో, ఏం దాచేస్తుందో రెండూ కనిపిస్తాయి.

ఆ రాత్రి కౌనస్‌లో ఏం జరిగిందంటే..

2023 మే 21. లిథువేనియాలోని కౌనస్ నగరం, జల్గిరియో అరీనా. యూరోలీగ్ ఫైనల్. యూరప్ క్లబ్ బాస్కెట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద మ్యాచ్ లేదు. ఒకవైపు గ్రీస్ జట్టు ఒలింపియాకోస్, మరోవైపు స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్. ఫుట్‌బాల్ ఆడే రియల్ మాడ్రిడ్ క్లబ్బే ఇది, అందులో బాస్కెట్‌బాల్ విభాగం.

ఆఖరి క్షణాల్లో ఒలింపియాకోస్ 78, రియల్ 77. ఒక్క పాయింట్ తేడా. బంతి రియల్ సీనియర్ గార్డ్ సెర్జియో యుల్ చేతికొచ్చింది. అప్పటికి 35 ఏళ్లు. ఆ మ్యాచ్‌లో అప్పటిదాకా అతని ఖాతాలో ఒక్క పాయింట్ కూడా లేదు. ఎదురుగా ఏడడుగులు దాటిన ముస్తఫా ఫాల్ చెయ్యెత్తి నిలబడ్డాడు. యుల్ ఆ చెయ్యి మీదుగా జంప్ షాట్ వేశాడు. పడింది. గడియారంలో మిగిలింది 3 సెకన్లు. ఒలింపియాకోస్ గార్డ్ కోస్తాస్ స్లూకాస్ చివరి ప్రయత్నంగా వేసిన త్రీ పాయింటర్ పడలేదు. రియల్ మాడ్రిడ్ 79, ఒలింపియాకోస్ 78. రియల్‌కు అది 11వ యూరప్ టైటిల్.. రికార్డు. 2013 తర్వాత మళ్లీ కప్పు కోసం చూస్తున్న ఒలింపియాకోస్‌కు ఒక్క పాయింట్ దూరంలో చేజారిపోయింది.

ఇప్పుడు బాక్స్ స్కోర్ తెరవండి. ఒలింపియాకోస్ ఫార్వర్డ్ సాషా వెజెంకోవ్ పేరు ఎదురుగా 29 పాయింట్లు, 9 రీబౌండ్లు. ఆ సీజన్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడు అతనే, సగటున అత్యధిక పాయింట్లు కొట్టినవాడికి ఇచ్చే ట్రోఫీ కూడా అతనిదే. ఫైనల్లో జట్టు చేసిన 78లో 29 అంటే దాదాపు 37 శాతం ఒక్కడే కొట్టాడు. అయినా ఓడిపోయాడు. సెర్జియో యుల్ పేరు ఎదురుగా మాత్రం 2. అంతే.

పట్టిక మాత్రమే చూసినవాడికి యుల్ ఆ రాత్రి ఏదో అలా వచ్చి వెళ్లాడనిపిస్తుంది.

ముందు యూరప్ లెక్క వేరని తెలుసుకోవాలి

చాలామందికి బాస్కెట్‌బాల్ అంటే అమెరికా ఎన్‌బీఏ. అక్కడి అంకెలతో ఇక్కడి అంకెల్ని పోలిస్తే తప్పులో కాలేసినట్టే. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు. యూరోలీగ్‌లో 40 నిమిషాలే, పదేసి నిమిషాల చొప్పున 4 క్వార్టర్లు. త్రీ పాయింట్ గీత కూడా యూరప్‌లో కాస్త దగ్గర: 6.75 మీటర్లు. ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు. అక్కడ 6 ఫౌల్స్ చేస్తే బయటికి, ఇక్కడ 5కే బయటికి.

అందుకే యూరప్‌లో ఒకడు 20 పాయింట్లు కొడితే అది పెద్ద ఆటే. 50 ఓవర్ల సెంచరీని, టీ20 హాఫ్ సెంచరీని ఒకే తక్కెడలో పెట్టం కదా, ఇదీ అలాగే. 2019 నవంబర్‌లో షేన్ లార్కిన్ అనే గార్డ్ బేయర్న్ మ్యూనిక్ మీద 49 కొట్టి, అందులో 10 త్రీ పాయింటర్లు వేసి రికార్డు పెడితే యూరప్ అంతా నోరెళ్లబెట్టింది. 2024 మార్చిలో ఫెనర్‌బాచె ఆటగాడు నైజెల్ హేస్-డేవిస్ బెర్లిన్ జట్టు ఆల్బా మీద 50 కొట్టి దాన్ని దాటేశాడు. అమెరికాలో 50 పాయింట్ల రాత్రులు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి. యూరప్‌లో మాత్రం ఆ ఒక్క రాత్రి గురించి ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

వరుసలు చదవడం ఇలా..

మొదటి వరుస నిమిషాలు. ఒక్కో జట్టు నుంచి కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు కాబట్టి, 40 నిమిషాల మ్యాచ్‌లో జట్టు మొత్తం నిమిషాలు 200 రావాలి. ఒక ఓవర్‌టైమ్ ఆడితే మరో 5 నిమిషాలు, అంటే 225. పట్టిక అడుగున 225 కనిపిస్తే మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లిందని స్కోర్ చూడకుండానే చెప్పేయొచ్చు. నిమిషాల వరుస కోచ్ మనసును కూడా చెబుతుంది. ఎవర్ని నమ్మాడు, ఎవర్ని బెంచీ మీదే కూర్చోబెట్టాడు అన్నది అక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత పాయింట్లు. వాటి పక్కనే మూడు జంటలు ఉంటాయి: టూ పాయింటర్లు, త్రీ పాయింటర్లు, ఫ్రీ త్రోలు. 4/9 అని ఉంటే 9 సార్లు వేస్తే 4 పడ్డాయని అర్థం. యూరోలీగ్ పట్టికలో టూ, త్రీ విడివిడిగా ఇస్తారు, ఇది చూసేవాడికి ఎంతో మేలు. ఎందుకంటే శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒకడు టూ పాయింటర్లు 45 శాతం వేశాడనుకోండి, ఒక్కో షాట్‌కి సగటున 0.9 పాయింట్లు. ఇంకొకడు త్రీలు 35 శాతమే వేశాడు, కానీ ఒక్కో షాట్‌కి 1.05 పాయింట్లు. శాతం తక్కువున్నవాడే జట్టుకు ఎక్కువ తెచ్చాడు. ఈ చిన్న లెక్క వల్లే ఇప్పుడు ఏ జట్టు చూసినా గీత బయటి నుంచి ఎడాపెడా వేస్తోంది.

ఫ్రీ త్రో వరుసను చాలామంది దాటేస్తారు. దాటేయకండి. 2012 మే 13న ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్ గుర్తు చేసుకుంటే చాలు. సీఎస్‌కేఏ మాస్కో ఒకదశలో ఒలింపియాకోస్ కంటే 19 పాయింట్లు ముందుంది. ఆ ఆధిక్యం కరిగిపోతూ వచ్చి, ఆఖరి పది సెకన్లలోకి వచ్చేసరికి 61-60. సీఎస్‌కేఏ తరఫున రామూనాస్ షిష్కౌస్కాస్‌కు రెండు ఫ్రీ త్రోలు. మామూలుగా అతనికి అవి నల్లేరు మీద నడక. రెండూ పడలేదు. బంతి అందుకుని వాసిలిస్ స్పానూలిస్ దూసుకెళ్లి పాస్ ఇస్తే, యోర్గోస్ ప్రింటెజిస్ ఇంకా 0.7 సెకన్లు ఉండగా వేసేశాడు. ఒలింపియాకోస్ 62, సీఎస్‌కేఏ 61. పట్టికలో ఆ రెండు ఫ్రీ త్రోలూ మొదటి క్వార్టర్‌లో మిస్సయిన ఫ్రీ త్రోలతో కలిసి ఒకే గడిలో ఉంటాయి.

ఇక రీబౌండ్లు. షాట్ పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడమే రీబౌండ్. ఇందులో రెండు రకాలు. ఎదుటి జట్టు షాట్ తప్పితే పట్టుకునేది డిఫెన్సివ్, మన జట్టు షాట్ తప్పితే మనమే మళ్లీ పట్టుకునేది అఫెన్సివ్. రెండోది బంగారం. నో బాల్‌కి ఫ్రీ హిట్ దొరికినట్టు, చేతిలోంచి పోయిన అవకాశం మళ్లీ దొరికినట్టే. షాట్ క్లాక్ కూడా 14 సెకన్లకు సెట్ అవుతుంది. కౌనస్ ఫైనల్లో రియల్ సెంటర్ వాల్టర్ తవారెస్ 13 పాయింట్లు, 10 రీబౌండ్లు తీసుకున్నాడు. రెండు వరుసల్లోనూ రెండంకెలు వస్తే దాన్ని డబుల్ డబుల్ అంటారు. కేప్ వెర్డె దీవుల నుంచి వచ్చిన ఈ ఆజానుబాహుడికే ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఇచ్చారు. గెలిపించిన షాట్ యుల్‌ది, అవార్డు తవారెస్‌ది. సెమీఫైనల్, ఫైనల్ రెండూ కలిపి చూసే అవార్డు కాబట్టి ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

అసిస్ట్ వరుస దగ్గర కాస్త ఆగాలి. మన పాస్ అందుకున్నవాడు వెంటనే బాస్కెట్ వేస్తే మనకు ఒక అసిస్ట్. ఆ ఫైనల్లో రియల్ గార్డ్ సెర్జియో రోడ్రిగెస్ 15 పాయింట్లు కొట్టి 9 అసిస్ట్‌లు ఇచ్చాడు. వయసు 36. ఒక్కో అసిస్ట్‌ వెనుక ఒక బాస్కెట్ ఉందనుకుంటే, తక్కువలో తక్కువ 18 పాయింట్లు. సొంతంగా కొట్టిన 15 కలిపితే 33. అంటే రియల్ చేసిన 79 పాయింట్లలో కనీసం 33 అతని చేతి మీదుగా వచ్చాయి. వెజెంకోవ్ 29 పెద్దదా, రోడ్రిగెస్ 15 పెద్దదా? పాయింట్ల వరుస ఒక్కటే చూస్తే ఒక జవాబు, పక్కనున్న వరుస కూడా కలుపుకుంటే ఇంకో జవాబు. నన్నడిగితే ఆ రాత్రి రియల్‌ని మ్యాచ్‌లో నిలబెట్టింది రోడ్రిగెస్. హైలైట్స్ వీడియోల్లో మాత్రం యుల్ షాటే తిరుగుతుంటుంది.

స్టీల్ అంటే ఎదుటివాడి నుంచి బంతి లాక్కోవడం, టర్నోవర్ అంటే మన బంతి మనమే పోగొట్టుకోవడం. బ్లాక్స్ యూరోలీగ్‌లో రెండు వరుసలు: మనం ఆపినవి, మనవి ఆపేసినవి. ఫౌల్స్ కూడా అంతే: చేసినవి, రాబట్టినవి. ఈ ‘రాబట్టిన ఫౌల్’ అనే లెక్క యూరప్‌వాళ్లకు భలే ఇష్టం. ఎదుటి జట్టు ఆటగాళ్లను ఐదు ఫౌల్స్ వైపు నెట్టడం కూడా ఒక పనితనమే అని వాళ్ల నమ్మకం.

అన్నిటినీ కలిపే ఆ ఒక్క అంకె: పీఐఆర్

పట్టిక చివర్లో పీఐఆర్ అని ఒక వరుస కనిపిస్తుంది. పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ రేటింగ్. స్పెయిన్ లీగ్ ఏసీబీలో 1991లో మొదలైన లెక్క ఇది. ఇప్పుడు యూరోలీగ్‌లో ప్రతి రౌండ్ ఉత్తమ ఆటగాడిని దీని ఆధారంగానే చెబుతారు.

లెక్క కష్టమేం కాదు. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు, స్టీల్స్, బ్లాక్స్, రాబట్టిన ఫౌల్స్ అన్నీ కూడండి. మిస్సయిన షాట్లు, మిస్సయిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు, బ్లాక్ అయిన షాట్లు, చేసిన ఫౌల్స్ అన్నీ తీసేయండి. మిగిలిందే పీఐఆర్.

ఉదాహరణకి ఒక ఆటగాడిని ఊహించుకుందాం. 12 పాయింట్లు, 5 రీబౌండ్లు, 3 అసిస్ట్‌లు, 1 స్టీల్, రాబట్టిన ఫౌల్స్ 4. మొత్తం 25. అతను 6 షాట్లు, 1 ఫ్రీ త్రో మిస్ చేశాడు, 2 టర్నోవర్లు, 3 ఫౌల్స్. మొత్తం 12. పీఐఆర్ 13. మంచి ఆట ఆడినట్టే. 20 దాటితే చాలా బాగా ఆడినట్టు. 2004 జనవరిలో జల్గిరిస్ ఆటగాడు టనోకా బియర్డ్ ఒకే మ్యాచ్‌లో 63 తెచ్చుకున్నాడు, వింటుంటేనే అతిశయోక్తిలా ఉంటుంది.

అయితే ఈ లెక్కలో ఒక బొక్క ఉంది. మిస్సయిన షాట్‌కి పోయేది ఒక్క పాయింటే. ఒకడు 4 త్రీలు వేసి ఒక్కటే వేయగలిగాడనుకోండి. వచ్చింది 3, పోయింది 3, పీఐఆర్ మారలేదు. కానీ జట్టు నాలుగు అవకాశాలు వాడి 3 పాయింట్లే తెచ్చుకుంది. ఒక్కో జట్టుకు మ్యాచ్ మొత్తంలో దొరికేవి 70 చుట్టూ అవకాశాలు, అందులో నాలుగు అలా పోతే మామూలు దెబ్బ కాదు. ఎడాపెడా షాట్లు వేసేవాడిని పీఐఆర్ కాస్త మెత్తగానే చూస్తుందన్నమాట.

అసలు లోపం ఇంకోటుంది. పీఐఆర్‌కి గడియారం తెలీదు. యుల్ ఆ షాట్ మొదటి నిమిషంలో వేసినా +2, ఆఖరి 3 సెకన్ల ముందు వేసినా +2. స్లూకాస్ చివరి త్రీ మిస్సయింది, అది −1. మొదటి క్వార్టర్‌లో ఎవరో వేసి మిస్సయిన త్రీకి కూడా −1. ఫాల్ చెయ్యెత్తి యుల్‌ని ఇబ్బంది పెట్టిన ఆ డిఫెన్స్‌కి బాక్స్ స్కోర్‌లో అసలు గడే లేదు.

దానికోసం ప్లస్ మైనస్ అనే ఇంకో వరుస చూడొచ్చు. ఒక ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంది, లేదా తక్కువైంది అన్నది. ఇది డిఫెన్స్‌ని కూడా కలుపుకుంటుంది. కానీ ఒక్క మ్యాచ్‌లో దీన్ని పెద్దగా నమ్మొద్దు, పక్కనున్న నలుగురి పుణ్యం పాపం కూడా ఇతని ఖాతాలోనే పడతాయి.

జట్టు లెక్కల్లో క్వార్టర్లే కథ చెబుతాయి

ఆటగాళ్ల అంకెలకంటే పైన చిన్నగా ఉండే క్వార్టర్ స్కోర్లు చాలాసార్లు ఎక్కువ చెబుతాయి. ఇదే కౌనస్‌లో, ఫైనల్‌కి ముందు జరిగిన సెమీస్ చూడండి. ఒలింపియాకోస్ 76, మొనాకో 62. చూడ్డానికి 14 పాయింట్ల మామూలు గెలుపు. కానీ మూడో క్వార్టర్ స్కోరు ఎంతో తెలుసా? 27-2. అవును, పది నిమిషాల్లో మొనాకోకి వచ్చింది రెండే పాయింట్లు. ఆ ఒక్క క్వార్టర్ పక్కన పెట్టి మిగతా మూడూ కలిపితే మొనాకో 60, ఒలింపియాకోస్ 49. అంటే 30 నిమిషాల ఆటలో మొనాకోనే 11 పాయింట్లు ముందుంది!

తక్కువ స్కోర్ అంటే చెత్త మ్యాచ్ అనుకోవడం కూడా పొరపాటే. 2022 ఫైనల్ బెల్‌గ్రేడ్‌లో. టర్కీ జట్టు అనడోలు ఎఫెస్ 58, రియల్ మాడ్రిడ్ 57. ఎఫెస్ తరఫున వాసిలియె మిచిచ్ 23, టిబోర్ ప్లైస్ 19. ఇద్దరే కలిసి 58లో 42. మిగతా జట్టంతా కలిపి 16. రెండువైపులా ఊపిరాడనివ్వని డిఫెన్స్, ఒక్కో బాస్కెట్ కోసం చెమటోడ్చాల్సి వచ్చింది. అందుకే రెండు మ్యాచ్‌ల స్కోర్లు పోల్చేటప్పుడు ఎన్ని అవకాశాల్లో అన్ని పాయింట్లు వచ్చాయన్నది చూడాలి. దానికో సులువు లెక్క ఉంది. మొత్తం షాట్లకు టర్నోవర్లు, ఫ్రీ త్రోల్లో 44 శాతం కలిపి, అఫెన్సివ్ రీబౌండ్లు తీసేస్తే జట్టుకు దొరికిన అవకాశాల సంఖ్య దాదాపుగా వచ్చేస్తుంది. పాయింట్లను దాంతో భాగిస్తే ఏ జట్టు పదునుగా ఆడిందో తేలిపోతుంది. క్రికెట్‌లో రన్ రేట్ లాంటిదే.

పట్టికలో లేని పేర్లు

ఇంకో సంగతి. బాక్స్ స్కోర్‌లో ఎవరున్నారో చూసినట్టే ఎవరు లేరో కూడా చూడాలి. 2023 ఫైనల్లో రియల్ పట్టికలో గెర్షోన్ యాబుసెలే పేరు ఉండదు. అంతకుముందు క్వార్టర్ ఫైనల్ సిరీస్‌లో సెర్బియా జట్టు పార్టిజాన్‌తో రెండో మ్యాచ్ ఆఖర్లో పెద్ద గొడవ అయింది. దాంతో అతనికి 5 మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ సిరీస్‌లో మిగిలినవి మూడు, సెమీస్ ఒకటి, ఫైనల్ ఒకటి.. లెక్క సరిపోయింది. సొంత గడ్డ మీద మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన రియల్, అతను లేకుండానే తర్వాత మూడూ గెలిచింది. ఐదు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో 0-2 నుంచి తేరుకున్న జట్టు యూరోలీగ్‌లో అంతకుముందు లేదు. ఆ తర్వాత సెమీస్‌లో బార్సిలోనా మీద 78-66, ఫైనల్లో 79-78.

మరి ఆ చివరి షాట్ మిస్ చేసిన స్లూకాస్ ఏమయ్యాడు? ఆ వేసవిలోనే ఒలింపియాకోస్‌ని వదిలి బద్ధ ప్రత్యర్థి పనాథినైకోస్‌కి వెళ్లిపోయాడు. సరిగ్గా ఏడాదికి, 2024 మే 26న బెర్లిన్‌లో ఫైనల్. ఎదురుగా మళ్లీ రియల్ మాడ్రిడ్. మొదటి క్వార్టర్ అయ్యేసరికి రియల్ 36, పనాథినైకోస్ 25. అక్కడ చూసి టీవీ కట్టేసినవాళ్లు ఉంటారు. ఆ తర్వాతి క్వార్టర్లు పనాథినైకోస్ వైపు నుంచి 24-18, 15-7, 31-19. మూడో క్వార్టర్ మొత్తంలో రియల్‌కి 7 పాయింట్లే. మొదటి పది నిమిషాల తర్వాత లెక్క 70-44. చివరికి 95-80తో పనాథినైకోస్‌కి ఏడో టైటిల్. స్లూకాస్ పేరు ఎదురుగా 24 పాయింట్లు, చేతిలో ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ.

ఈ మ్యాచ్‌ల బాక్స్ స్కోర్లు యూరోలీగ్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో చూసేటప్పుడు పట్టికను పక్కకి జరిపితే గానీ పీఐఆర్, ప్లస్ మైనస్ వరుసలు కనిపించవు, చాలామంది పాయింట్ల దగ్గరే ఆగిపోయేది అందుకే. దాని పక్కనే ప్లే బై ప్లే అని ఇంకో పేజీ ఉంటుంది, అందులో ప్రతి షాట్ ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు పడిందో వరుసగా రాసి ఉంటుంది. యుల్ ఆ 2 పాయింట్లు ఎప్పుడు కొట్టాడో అక్కడ దొరుకుతుంది.